అరవై మీటర్ల టేపు

యూనివర్సిటీ జీపు నాది. అంటే, తోలేది నేను.
పేరు యాకూబు. ఇరవై రెండేండ్ల సర్వీసు,
ఇంకా పర్మినెంటు కాలె.

ఒప్పందం మీద సంతకాలైన దినం
హాలు బయట సమోసాలు పంచింది నేనే.
రెండు జెండాలు, రెండు పెన్నులు, నాలుగు శాలువలు.
లోపల ఏం రాసుకున్నరో తెల్వది.
ఆ కాయితం ఒకనాడు నడిచొస్తదని మాత్రం అనుకోలె.

జూలైల, వాన పడీ పడని పొద్దుగాల
కాజీపేట స్టేషన్ల దిగింది కాయితం.
పేరు హిరుత్, దేశం ఇథియోపియా.
వీపున సంచి, చేతిల పసుపు టేపు చుట్ట,
కొసకు ఇత్తడి గుండు.
నీళ్లు తాకితే కుయ్యిమంటదట.

"గిదొక్కటే ఉన్నదన్నా," అన్నది జమున,
మహబూబాబాద్ అవతలి తండా పిల్ల,
"పైసలు ఒక్కదానికే మంజూరైనయి.
ఆర్నెల్లు ఈడ, ఆర్నెల్లు ఆడ.
టేపు ఎటు పోతే మేమటు."

పరకాల దాటినంక పత్తి చేన్లు,
పత్తి చేన్ల నడుమ బోర్లు,
బోర్ల మీద రాళ్లు.
నేను పదిసార్లు పోయిన తొవ్వే.
ఇన్ని రాళ్లున్నయని అప్పుడే లెక్కపెట్టిన.

ఓదెలు తన బోరు మీది బండ జరిపిండు.
టేపు దిగుతనే ఉంది.
ఇరవై. నలభై. యాభై ఐదు.
అరవై కాడ చుట్ట ఖాళీ.
కుయ్యి అనలె.

ఓదెలు నవ్విండు.
"నా బోరుకు సరిపోను టేపు
ఏ దేశంల చేస్తరు బిడ్డా?"
జమున ఇంగ్లీషుల చెప్పింది.
హిరుత్ నవ్వలె. వంగి ఒక గులకరాయి ఏరింది.
అది చూసి ఓదెలు ఇంకోటి ఏరిండు,
ఆయనకూ ఆ లెక్క తెలుసు గనుక.

ఒక్కసారే ఇడిసిపెట్టిండ్రు.
ఒకటి, రెండు, మూడు, అన్నడు ఆయన.
అంద్, హులెత్, సోస్త్, అన్నది ఆమె.
గొట్టానికి తగులుకుంట పోయినయి రాళ్లు.
నాలుగు. ఐదు.
టక్.
నీళ్ల మీద పడ్డ రాయి చప్పుడు వేరే ఉంటది.
ఇద్దరికీ ఎరికే.
ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు,
ఇద్దరికీ తెల్సిన మనిషి ఎవరో పోయినట్టు.

ఆ పూట ఓదెలు భార్య కనకవ్వ పెంకల
హిరుత్ తెచ్చిన పచ్చి కాఫీ గింజలు వేగినయి.
మాడు వాసన, పూల వాసన కలిసినట్టు.
కనకవ్వ ఒక గుక్క తాగి
"సేదున్నది," అని, గిలాస మాత్రం ఇయ్యలె.

ఆర్నెల్లల్ల నూటపదకొండు బోర్లు.
నా జీపు క్లచ్చు రెండుసార్లు పోయింది.
జనవరిల ఇద్దరినీ శంషాబాద్‌ల దింపి వచ్చిన.
గుండు చూసి ఇదేందని ఆపిండ్రట ఆడ.
"నీళ్లు కొలిచేది," అన్నదట జమున.
"నీళ్లేవి?" అన్నడట పోలీసాయన.
మంచి ప్రశ్నే.

రిపోర్టు అచ్చయింది. నాకు సార్ చదివి చెప్పిండు.
ఓదెలు బోరు అందుల డెబ్బై మూడో నంబరు.
కడపట పేజీల 'స్థానిక సహకారం' అని ఉన్నది.
అది నేనే అయి ఉంటది.

మొన్న జమున ఫోన్ల ఒక చప్పుడు పంపింది.
మాట లేదు, ఉత్త చప్పుడే.
కుయ్యి.
కింద రాసింది: హిరుత్ అమ్మమ్మ బాయి, పద్నాలుగు మీటర్లు.

పని లేకున్నా జీపు తీసిన.
డీజిలు ఎవరి ఖాతల రాయాల్నో తర్వాత చూద్దమని.
ఓదెలు మిర్ప కల్లంల కూసున్నడు.
రెండుసార్లు ఇన్నడు, మూడోసారి చెవికి ఒత్తి పెట్టుకున్నడు.
చానసేపు ఏం మాట్లాడలె.
అటెన్క అడిగిండు:
"ఆ బాయి కింద ఏమేసిండ్రట?"

గదే రాసి పంపిన.
ఒక టిక్కు పడ్డది.
రెండోది పడాలె.